బూడిదరంగు బొమ్మ, ఉన్ని టోపీ

అక్టోబరు 3

వసపిట్టా,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీలు రాశావు, అందులో నీ ఒంట్లో ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. "బొమ్మల మధ్య ఉద్యోగం దొరికింది, గదుల నిండా పెయింటింగులే, వాటిని చూసుకోవడమే పని" అన్న చోట మీ వదిన ఆపి, మళ్ళీ చదవమంది. లైబ్రరీలో అందరికీ చెప్పేశాను, మా చెల్లెలు పెద్ద ఆర్ట్ గ్యాలరీలో పనిచేస్తోందని, బళ్ళ పిల్లలు వరసలు కట్టి వచ్చే చోటని. లైబ్రేరియన్ గారు కుర్చీలోంచి లేచి నాతో చెయ్యి కలిపారు. ఆ బొమ్మలన్నీ నేనే వేసినట్టు నేనూ తల ఊపాను.

ఒక్కటే అనుమానం నాకు. రోజంతా నోరు మూసుకుని నిలబడే ఉద్యోగం నీకెవరిచ్చారే? నిద్రలో కూడా మాట్లాడేదానివి కదా. అమ్మ దుప్పటి కప్పడానికి వచ్చి నీ మాటలకి జవాబులు చెప్పి వెళ్ళేది.

నా పని మామూలే. అట్టలూడిన పుస్తకాలు వస్తాయి, కుట్టి, జిగురు రాసి, బరువు కింద పెడతాను. బరువుకి ఉన్న రెండు ఇనప దిమ్మల్లో ఒకదాన్ని ఎవడో ఎత్తుకుపోయాడు. పుస్తకాలు వదిలేసి వాటి మీద బరువుని పట్టుకుపోయినవాణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు.

నిన్న మీ వదినతో గొడవ. కర్టెన్‌ని జడలా మెలిపెట్టి దాని నడుం దగ్గర ముడేశానని. గుడ్డ నలిగిపోతుందంటుంది. ఏం చెయ్యను, నా చెయ్యి అమ్మ ముడే వేస్తుంది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మూటలు కట్టీ కట్టీ అమ్మ చేతికొచ్చిన ముడి అది. ఇప్పుడా ముడి వేసేవాళ్ళం లోకంలో నువ్వూ నేనూ మిగిలాం.

ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరని రాశావు. మంచిదే. ఫోనులో నా ఎడమ చెవికి సగమే వినబడుతుంది. ఉత్తరమైతే ఇంకోసారి చదువుకోవచ్చు.

చలి మొదలైంది, జాగ్రత్త.
అన్నయ్య


అక్టోబరు 12

అన్నయ్యా,

నేను బాగానే ఉన్నాను. ఇదుగో, ముందే రాసేశాను, ఇక సాధించకు.

నా పని చెబుతాను విను. ప్రతి గదిలోనూ గోడకి చిన్న గడియారం లాంటిది ఉంటుంది. గాలిలో చెమ్మ ఎంతుందో చూపిస్తుంది. ముల్లు పక్కకి జరిగితే నేను వెంటనే చెప్పాలి, లేకపోతే రంగులు పగుళ్ళిస్తాయట. ఫ్రేముల మీద దుమ్ముకి గుడ్డ వాడకూడదు, ఉడుత తోకంత మెత్తటి కుంచె ఒకటి ఇచ్చారు. ఎండ పడకుండా కర్టెన్లు మూసే ఉంచాలి. మన ఇంట్లో నేను ఎప్పుడైనా చీపురు పట్టానా? ఇప్పుడు చూస్తే అమ్మ ముక్కున వేలేసుకునేది.

నువ్వన్నట్టే పిల్లలు వస్తారు. నిన్న ఒక చిన్నది పెద్ద గుర్రం బొమ్మ ముందు కూర్చుని లేవనంది. ఇక్కడ క్యాంటీన్ అక్క అని ఒకావిడ ఉంది. లావుగా, ఎప్పుడూ తల నొప్పెడుతోందంటూ ఉంటుంది. మధ్యాహ్నం నా కోసం ఒక కుర్చీ పక్కకి లాగి ఉంచుతుంది. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఆపదు. అలాంటి మనిషి దొరకడం అదృష్టం కదూ.

వదినకి చెప్పు, కర్టెన్ విషయంలో నేను నీ వైపే.
నీ వసపిట్ట


అక్టోబరు 25

చెల్లీ,

లైబ్రరీ మూసేశారు.

సోమవారం వెళ్ళేసరికి గేటుకి కొత్త తాళం ఉంది. డబ్బు లేదట. లైబ్రేరియన్ గారు గేటు బయట నిలబడి, పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చినవాళ్ళకి క్షమాపణ చెబుతున్నారు. ఆయన మూశాడా ఏమన్నా? ఒక ముసలాయన ఆయన మాట పూర్తిగా వినలేదు, పుస్తకాన్ని గేటు కింద నుంచి లోపలికి తోసి వెళ్ళిపోయాడు. నేను కుట్టిన పుస్తకమే.

అదే రోజు పేపర్లో చూసే ఉంటావు. వేలంలో ఒక బొమ్మ కొన్నాడట ఒక మహానుభావుడు. ఇచ్చిన డబ్బు చదువుతుంటే నాకు సున్నాల దగ్గర ఊపిరి అందలేదు. ఏముంది ఆ బొమ్మలో? బూడిదరంగు గోడ, మూల చిన్న పసుపు మచ్చ. మా లైబ్రరీ వెనక గోడ మీద చెమ్మ అచ్చం అలాగే ఉండేది, దాన్ని ఎవడూ వేలం పాడలేదు. ఊరు ఊరంతా కుతకుతలాడుతోంది. బస్సులో, మంగలి దగ్గర, ఎక్కడ విన్నా ఇదే మాట. మన ఇంట్లో ఒక్కదానివైనా నలుగురికి పనికొచ్చే చోట ఉన్నావు, అదొక్కటే నాకు ఊరట.

ఇంకో సంగతి. ఆ క్యాంటీన్ అక్క తలనొప్పి విని మీ వదిన ఆవిడ కోసం ఉన్ని టోపీ అల్లింది. చలిగాలికి చెవులు మూసుకుంటే తగ్గుతుందట. పార్శిల్‌లో పంపుతున్నాను. ఆవిడ తల కొలత తెలియక నీ తలకన్నా కొంచెం పెద్దగా అల్లానంది. ఇచ్చి, ఆవిడేమందో రాయి.

అన్నయ్య


నవంబరు 2
(ఈ ఉత్తరం పోస్టు కాలేదు.)

అన్నయ్యా,

క్యాంటీన్ అక్క లేదు. క్యాంటీనే లేదు. పిల్లలు రారు. ఇది గ్యాలరీ కాదు, ఇల్లు. ఎవరిదో ఎవరికీ చెప్పనని సంతకం పెట్టించుకున్నారు, తోడబుట్టినవాళ్ళకి కూడా.

నేను నీకు అబద్ధం రాయలేదు మొదట. బొమ్మల మధ్య పని అన్నాను, అంతే. లైబ్రరీలో బతికినవాడివి, బొమ్మలున్నాయంటే చూసేవాళ్ళూ ఉంటారనుకున్నావు. నువ్వు అందరికీ చెప్పావని చదివాక కాదనడానికి నోరు రాలేదు. తరవాత పిల్లల్ని నేనే పుట్టించాను. ఆ అక్కని కూడా.

ఇంటాయన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. వచ్చినా రాకపోయినా ఆయన పక్క దుప్పట్లు ప్రతివారం మార్చాలి. ఎవరూ పడుకోని దుప్పట్లు ఉతికిస్తాను. గిన్నెలో తాజా పళ్ళు పెడతాను, మెత్తబడ్డాక తీసి పారేస్తాను. గేటు దగ్గర గార్డు ఉంటాడు గానీ వారానికొకడు మారతాడు, పేరు అడిగేలోపు కొత్తవాడు వస్తాడు. కాస్త పరిచయమైతే దొంగతనానికి దారి అని గార్డుల్ని పంపే కంపెనీ వాళ్ళ నమ్మకం. సాయంత్రం కాగానే అన్ని గదుల్లోనూ దీపాలు వేస్తాను. మనుషులు ఏ పక్క గదిలోనో ఉన్నట్టుంటుంది. మొన్న గుర్రం బొమ్మతో పావుగంట మాట్లాడాను.

నువ్వు తిట్టిన బొమ్మ ఇక్కడికే వచ్చింది. నలుగురు తెచ్చి గోడకి తగిలించి, నా చేత సంతకం పెట్టించుకుని పోయారు.

వదిన టోపీ అందింది. కట్టు విప్పలేదు. నాది కానిదాన్ని ఎలా పెట్టుకోను?


నవంబరు 3

అన్నయ్యా,

లైబ్రరీ మాట చదివాను. నాకు మొదటి పుస్తకం నువ్వు అక్కణ్ణుంచే తెచ్చావు, నీ చేతి జిగురు వాసనతో. ఆ తాళం ఎన్నాళ్ళో ఉండదు. ఉండకూడదు.

టోపీ ఇచ్చాను. చాలా సంతోషించింది. తలనొప్పి కూడా తగ్గిందంది. వదిన చేతులకి దండం పెట్టమంది.

ఒక్క మాట చెబితే కోప్పడవు కదా? ఆ డబ్బు పోసినవాణ్ణి తిట్టు, నేనూ తిడతాను. బొమ్మని తిట్టకు. పేపర్లో చూస్తే చెమ్మ గోడలాగే ఉంటుంది, నిజమే. దగ్గర నిలబడితే వేరు. ఆ బూడిదరంగులో నీలం ఉంది. పసుపు మచ్చ అంచున ఒక కుంచె వెంట్రుక రంగులో ఇరుక్కుని ఉంది, వేసినవాడు చూసుకోలేదో, చూసి ఉంచేశాడో. నాకైతే అది చీకటి పడ్డాక దూరం నుంచి కనిపించే కిటికీలా ఉంటుంది. ఎవరో ఇంకా మేలుకుని ఉన్న ఇల్లు. అది వేసినవాడు అద్దె గదిలో, మందులకి డబ్బు లేక పోయాడట. నా ముందు దాన్ని ఏమీ అనకు అన్నయ్యా. దానికి నేను తప్ప ఎవరూ లేరు.

నీ వసపిట్ట


నవంబరు 12

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా బాధ వేసింది.

ఉద్యోగం పోయిన అన్నకి బొమ్మలో నీలం ఉందని రాశావు. గ్యాలరీలో చేరి నెలలు కాలేదు, అప్పుడే వాళ్ళ భాష వచ్చేసింది నీకు. మేమేదో కళ తెలియని మొద్దులమని నీకూ అనిపిస్తోందా? నా అరచేతిలో సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి, వాటికీ ఫ్రేము కట్టించుకోనా?

బొమ్మకి ఎవరూ లేరా? దాని యజమాని ఇల్లు పేపర్లో వేశారు, చూశావా. మూడంతస్తులు. చీకటి పడితే ఒక్క కిటికీ మిగలకుండా దీపాలే. కర్టెన్ల సందుల్లోంచి వెలుగు వీధి మీద పడుతోంది. ఉండేది ఒక్కడు, ఎన్ని గదుల్లో కూర్చుంటాడు? మా వీధి దీపాలు ఆరి వారాలైంది. కళ్ళు నెత్తికెక్కడమంటే అదే.

ఆ ఇల్లు మీ ఊళ్ళోనే ఉందని రాశారు. ఇరవై రెండున అక్కడికి ఊరేగింపుగా వెళుతున్నాం. మూతబడిన లైబ్రరీల వాళ్ళం, బడుల వాళ్ళు, ఆస్పత్రుల వాళ్ళు. లైబ్రేరియన్ గారు కూడా వస్తున్నారు, జీవితంలో మొదటిసారి గట్టిగా మాట్లాడతానన్నారు. పని అయ్యాక మీ గ్యాలరీకి వస్తాను. కోపంగానే వస్తాను గానీ నిన్ను చూడాలని ఉంది. ఏ వీధిలో ఉందో రాయి. నువ్వెప్పుడూ పోస్టుబాక్సు నంబరే రాస్తావు.

అన్నయ్య


నవంబరు 17

అన్నయ్యా,

నిన్ను మొద్దువని నేనెప్పుడనుకున్నాను? అలా రాశావని మీ ఇంట్లో ఎవరికీ చెప్పకు, నాకు తలవంపులు.

ఊరేగింపుకి రా. తప్పకుండా రా. గొంతు జాగ్రత్త, వేడినీళ్ళు తాగు. గ్యాలరీకి మాత్రం ఈసారి వద్దు. ఆ వారమంతా మరమ్మతులు, మూసేస్తున్నారు. క్యాంటీన్ అక్క కూడా ఊరెళుతోంది. మళ్ళీ ఎప్పుడైనా.

దీపాల మాట నాకు తెలియలేదు. అంత వెలుగు వీధిలోకి కనిపిస్తుందని ఎవరనుకుంటారు? ఆ ఇంట్లో వాళ్ళెవరైనా నీ మాట విని ఆర్పేస్తే బాగుండు.

రాయడానికి ఇంకేం తోచడం లేదు. నాకిలా ఎప్పుడూ కాలేదు.

నీ చెల్లి


నవంబరు 29

వసపిట్టా,

వారం ఆగి రాస్తున్నాను. ఆగకపోతే ఏదేదో రాసేవాణ్ణి.

అన్ని ఊళ్ళ జనం కలిసి ఆ వీధిలో పట్టలేదు. లైబ్రేరియన్ గారు నిజంగానే అరిచారు, ఆయన గొంతు సన్నంగా పైకి లేస్తుంటే ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. నా గొంతూ రెండు రోజులు పలకలేదు. ఇల్లంతా చీకటిగా ఉంది. పేపర్లో అంత వెలిగిన ఇల్లు. భయపడి ఆర్పుకున్నాడని అందరూ ఈలలు వేశారు.

చీకటి పడే వేళకి ఎవడో రాయి తీశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. చెల్లీ, నేనూ తీశాను. పుస్తకం పేజీ చిరగకుండా బతికిన మనిషిని, ఆ రాయి చేతిలోకి రాగానే ఎంత హాయిగా అనిపించిందో.

అప్పుడు పై అంతస్తులో ఒక కర్టెన్ కదిలింది. వీధి దీపం వెలుగులో ఒక ఆడమనిషి, మొహం తెలియలేదు. ఇంటాయన భార్య అన్నారు. పక్కవాడు "అదిగో, కొట్టు" అన్నాడు. చెయ్యెత్తాను. ఆవిడ కర్టెన్‌ని జడలా మెలిపెట్టింది. నడుం దగ్గర ముడేసింది. వేసి, అద్దానికి దగ్గరగా వచ్చి నిలబడింది, మమ్మల్ని చూడటానికి కాదు, వినడానికి నిలబడ్డట్టుగా.

చెయ్యి కిందికి దించాను. పక్కవాడి రాయి కింద కిటికీకి తగిలింది. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. ఎందుకో వాడికి చెప్పలేకపోయాను, వాడు నన్ను అమ్ముడుపోయినవాడివన్నాడు. తరవాత పోలీసులు తరిమేశారు.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. ఆ బొమ్మ వేలం నుంచి నేరుగా ఆ ఇంటికే వెళ్ళిందని పేపర్లో ఉంది. కుంచె వెంట్రుక ఏ ఫోటోలోనూ లేదు. దీపాల గురించి నేను నీకే రాశాను, ఇంకెవరికీ రాయలేదు. "దానికి నేను తప్ప ఎవరూ లేరు" అన్నావు. ఆ మాట మీద విసుక్కున్నానే గానీ చదవలేదు నేను.

నిన్నేమీ అడగను. ఏదో కాగితం మీద సంతకం పెట్టే ఉంటావు. ఒక్కటే రాయి, గాజు ముక్కలేమైనా తగిలాయా?

కోపం పోలేదు నాకు. ఆ మనిషి మీద పోదు, లైబ్రరీ తాళం తీసినా పోదు. నీ మీద లేదు. ఆ రాయి జేబులోనే ఇంటికొచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు ఇంటికే పుస్తకాలు తెస్తున్నారు కుట్టమని. పోయిన దిమ్మ బదులు వాటి మీద ఆ రాయి పెడుతున్నాను. బాగా పనిచేస్తోంది.

రెండో శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. గేటు దగ్గరికొచ్చి మీ గ్యాలరీకి టికెట్ ఎంత అని అడుగుతాను. రానివ్వకపోతే ఎదురుగా నిలబడతాను. ఈసారి చేతిలో ఏమీ ఉండదు.

అన్నయ్య


డిసెంబరు 5

అన్నయ్యా,

గాజు తగల్లేదు. అది కింద గది. నేను పైన ఉన్నాను.

ఆ రోజు కర్టెన్ తియ్యకూడదు. కానీ ఈ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి అంతమంది మనుషుల గొంతులు విన్నాను. అందరూ తిడుతున్నారు, నాకు మాత్రం ఎవరో పలకరించినట్టే ఉంది. ఆ గొంతుల్లో ఒకటి నీదని తెలిసిపోయింది. చివరి మాట దగ్గర బొంగురుపోతుంది కదా నీకు. ముడి ఎప్పుడు వేశానో నాకు తెలియదు, చెయ్యి వేసింది. నీ చేతిలో ఏముందో కూడా చూడలేదు. చూసినా అక్కడే నిలబడేదాన్ని.

కిటికీ పగిలాక ఇంటాయన తరపున కోటు వేసుకున్న ఒకాయన వచ్చాడు. బొమ్మలన్నిటినీ నేల కింద గదికి దించేస్తారట, ఈ నెల మధ్యలో. అక్కడ దీపం ఉండదు, అవసరం లేదన్నాడు. ఆ బూడిదరంగు బొమ్మని ఇంటాయన ఇంతవరకూ చూడలేదు. చూడటానికి ఎప్పుడొస్తారని అడిగితే, చూడటానికి కొనలేదు అన్నాడు, నేనేదో పిచ్చి ప్రశ్న అడిగినట్టు. నీ కోపం నాకు అప్పుడు అందింది అన్నయ్యా. పేపరు చదివితే అందలేదు.

శనివారం రా. గేటు దగ్గర టికెట్ అడక్కు, ఆ వారం గార్డు ఎలాంటివాడో తెలియదు. వీధికి అవతల, మందుల షాపు మెట్ల దగ్గర నిలబడు. పొద్దు గుంకాక కర్టెన్ తీస్తే రంగులకి హాని లేదు. ఇల్లంతా దీపాలు ఆర్పేసి, ఆ ఒక్క గదిలో ఉంచుతాను. కర్టెన్‌కి ముడి వేసి ఉంచుతాను. బొమ్మ కిటికీకి ఎదురు గోడ మీదే ఉంది, వీధిలోంచి తిన్నగా కనిపిస్తుంది. నీలం కనిపించదేమో, దూరం కదా. పసుపు కనిపిస్తుంది. లైబ్రేరియన్ గారిని కూడా తీసుకురా. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తామంటే చూడనీ. నచ్చకపోతే నువ్వు అక్కడే నిలబడి తిట్టు, నాకు వినబడుతుంది.

నేను పక్కన నిలబడి ఉంటాను, గ్యాలరీ వాళ్ళు నిలబడినట్టే.

తెల్లారేసరికి ఈ సంగతి కోటాయన దాకా వెళుతుంది, నన్ను పొమ్మంటారు. పెట్టె సర్దే ఉంచాను. నీతో బస్సెక్కేస్తాను. మీ ముందు గదిలో నాకు కాస్త చోటు చెయ్యండి. నేను వాగుతుంటే మధ్యలో ఆపినా ఫరవాలేదు.

వదినకి చెప్పు, నిన్న కట్టు విప్పి చూశాను. కొంచెం పెద్దదే అయినా, టోపీ నా తలకి బాగానే ఉంది.

నీ వసపిట్ట